జేగురు గుర్రం పిల్ల

సోమ్ బడి హాస్టలు,
తొలి మంచు పడిన రోజు.

తాతయ్యకు,

మందలు కండ పట్టాయా? అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? ఉత్తరంలో మొట్టమొదట "నేను బాగున్నాను" అని రాయాలని మా వార్డెనమ్మ రూలు. కాబట్టి నేను బాగున్నాను.

మొన్న ఆసుపత్రి నర్సమ్మ వచ్చి అందరినీ తూకం ఎక్కించింది. నా వంతు వచ్చేసరికి ముల్లు వంక చూసి, "అబ్బో, బల్దన్ గారి మనవరాలా! వేసవి మీగడంతా నువ్వే నాకేసినట్టున్నావే. బాగా ఎదిగావు," అంది. మెచ్చుకోలుగానే అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వెళ్ళి బొగ్గుల గది వెనక చాలాసేపు కూర్చున్నాను.

నాదామ్ పండగ పిల్లల గుర్రప్పందెం అయ్యాక పక్క గుడారం ముసలాయన అన్న మాట గుర్తుందా? "బల్దన్, నీ పిల్ల కాళ్ళు నేలకి రాసుకుంటున్నాయి. వచ్చే ఏడు గుర్రాన్ని ఆవిడే మోసుకుని పరిగెత్తాలి," అన్నాడు. మూడో స్థానం వచ్చింది మనకి, అయినా అలా అన్నాడు. మామూలుగా అయితే అలాంటి మాటకి నువ్వు ఊరుకోవు. ఆ రోజు ఊరుకున్నావు. దారంతా అదే ఆలోచించుకుంటూ ఇక్కడికి వచ్చాను.

తరగతిలో కొత్త టీచరమ్మ "మీరెవరో ఒక్క మాటలో చెప్పండి" అంది. ఒకడు కుస్తీ పడతానన్నాడు. ఖందా పాడతానంది. ఖందా అంటే నా పక్క మంచం అమ్మాయి. నేను లేచి "జేగురు గుర్రం పిల్లని" అన్నాను. కొట్లో, ఆసుపత్రిలో, ఎక్కడైనా అందరూ నన్ను పిలిచేది అలాగే కదా. "అది గుర్రం సంగతమ్మా. మరి నీ సంగతి?" అంది టీచరమ్మ. గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాను.

ఒక సాయం కావాలి. పందేనికి గుర్రాన్ని ఎలా తయారుచేస్తారో వ్యాసం రాయమన్నారు. ఇన్నేళ్ళూ నేను ఎక్కడమే గానీ, కట్టుకొయ్య దగ్గర నువ్వు చేసేదంతా నాకు సరిగా తెలియదు. పైన కూర్చున్నవాళ్ళకి గుర్రం చెవులు తప్ప ఏం కనిపిస్తాయి? పొట్ట ఎలా లాగుతావు, బరువు ఎలా దించుతావు, అన్నీ వివరంగా రాయి. వచ్చే నాదామ్‌కి కూడా మన జేగురు గుర్రం మీద నేనే కదా? అది కూడా రాయి.

నీ
యంజిమా


ఉత్తరపు లోయ, చలికాలపు మకాం.

అమ్మడూ యంజిమా,

నీ ఉత్తరాన్ని శరవ్ తన జీపులో రెంచీల పెట్టెలో పడేసి తెచ్చాడు. నీ అక్షరాలన్నీ ఇంజను నూనె వాసన. అమ్మమ్మకి చదివి వినిపించాను. మీగడ మాట దగ్గర పగలబడి నవ్వింది. ఆవిడ చదువుకోకపోవడం వల్ల బాధంతా నా గొంతుది. ఏ ఉత్తరమైనా మూడేసి సార్లు చదవాలి.

ముసలాణ్ణి పంతుల్ని చేశావు. సరే, రాసుకో. ముందు కట్టాలి. తల వంచి గడ్డి అందుకోకుండా కొయ్యకి ఎత్తుగా కట్టి, పొద్దంతా గాలికి నిలబెట్టాలి. సాయంత్రం కొంచెం మేత, కొన్ని నీళ్ళు, అంతే. పొట్ట నెమ్మదిగా వెన్నుకి అంటుకుంటుంది. ఆ తర్వాత చెమట పట్టించాలి. దళసరి కంబళి కప్పి, తెల్లవారుతూనే పరిగెత్తించాలి. చెక్క బద్దతో ఒంటి మీది చెమట గీసి చూస్తాం. మొదట జిగురుగా, నురగలా దిగుతుంది. అది కొవ్వు. పోనుపోను పల్చబడుతుంది. ఊటనీళ్ళలా తేటగా దిగిన రోజున గుర్రం సిద్ధమైనట్టు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఒక్కొక్కటీ విడివిడిగా తగులుతుంది. ఆ రోజు నాకు సంతోషంతో తిండి సహించదు.

ఇదంతా ఎందుకో గుర్రానికి తెలియదు పాపం. నిన్నటిదాకా ముద్దు చేసినవాడు ఇవాళ కడుపెందుకు మాడుస్తున్నాడా అని నా వంక చూస్తుంది. ఆ చూపు సంగతి మాత్రం వ్యాసంలో రాయకు, టీచరమ్మ నన్ను తిట్టుకుంటుంది.

ఎండు పెరుగు ముక్కలు ఒక సంచీడు, ఉప్పు మాంసం, కొవ్వు పంపుతున్నాం. మీ చిన్న మామయ్య కూతురు ఒయున్ వచ్చి మా దగ్గరే ఉంటోంది. దానికి బడి ఈడు ఇంకా రాలేదు, అమ్మమ్మకి చేదోడుగా ఉంటుందని. ఇక్కడ వేరే కబుర్లేమీ లేవు.

నీ తాతయ్య


సోమ్ బడి హాస్టలు,
చలి ముదిరింది.

తాతయ్యకు,

నేను బాగున్నాను. ఎండు పెరుగు చాలా బాగుందని ఖందా చెప్పమంది. కొవ్వు కూడా బాగుందట.

నీ ఉత్తరం నా దగ్గరే పెట్టుకున్నాను. వ్యాసం బాగా కుదిరింది. ఇంకొన్ని అడగాలి. కట్టేసిన గుర్రం ఆకలికి తాళలేక తాడు కొరికితే ఏం చేస్తావు? తల తిరిగి పడబోతే? సాయంత్రం మేత కూడా మానిపిస్తే తొందరగా తేలిపోతుందా?

ఇక్కడ ఆటల పోటీలు ఉన్నాయి. అందుకని పొద్దున్నే లేచి ఒక దేల్ మీద ఇంకో దేల్ తొడుక్కుని, నడుముకి పట్టీ బిగించి, కొండ చుట్టూ పరిగెత్తుతున్నాను. ఎవరూ లేవరు అప్పటికి. బొగ్గుల పొగ, కుక్కలు, నేను. పరిగెత్తుతూ పందెం ముందు పాడే గీంగో పాట పాడుకోబోయాను. గొంతు బొంగురుగా వచ్చింది. నా గొంతు అది కాదు తాతయ్యా. ఎవరిదో తెలియదు. పోయినేటి బూట్లు కూడా పట్టడం లేదు. అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్ద పిల్ల నా దేల్ దొంగిలించి వేసుకున్నట్టుంది.

అమ్మమ్మతో ఒక సంగతి చెప్పుకోవాలి. కానీ ఉత్తరం చదివేది నువ్వు. కాబట్టి వద్దులే.

సాయంత్రాలు అందరూ తిండిగదికి పోతారు. నేను మంచం మీద పడుకుని చెవులు మూసుకుని మన లోయ గాలి వింటాను. వినపడుతుంది ఒక్కోసారి.

జేగురు గుర్రం నాదే కదా అని అడిగాను. నువ్వు దానికి జవాబు రాయలేదు. మర్చిపోయి ఉంటావు.

యంజిమా


ఉత్తరపు లోయ,
కొత్త ఏటి తెల్లనెల పండుగ వెళ్ళాక.

అమ్మడూ,

పండక్కి నువ్వు రాలేదు. మంచుకి కనుమ దారి మూసుకుపోయిందని కబురు పెట్టావు. శరవ్ అడిగితే, "మూసుకోవడమేంటి బాబాయ్, నేను జీపు వేసుకుని దాటి రాలా? హాస్టలు ముందు హారను కొట్టాను కూడా, మీ పిల్ల బయటికి రాలేదు," అన్నాడు. పోనీలే, నిద్రపోయి ఉంటావు. అమ్మమ్మ నీ వంతు మాంసం కుడుములు మంచులో పాతిపెట్టింది. వేసవిదాకా కరగనివ్వనని మొండిపట్టు పట్టింది.

నువ్వు లేక గుడారంలో ఆ వైపు అంతా ఖాళీగా ఉంది. పెద్దలకి నమస్కారాలు చేసే వేళ నీ పేరు పిలిచాను, అలవాటు మీద.

నువ్వడిగిన వాటికి జవాబు. నా చేతి కింద ఏ గుర్రమూ పడిపోలేదు. పడిపోయేదాకా కట్టేవాడు గుర్రాల మనిషి కాదు, కసాయివాడు. సాయంత్రపు మేత ఎప్పుడూ మానిపించకూడదు. ఇంత లోతుగా అడిగే టీచరమ్మ ఎవరో గానీ, ఆవిడ గుర్రం కొనబోతున్నట్టుంది.

జేగురు గుర్రం కులాసా. దానికి అప్పుడప్పుడు నడక నేర్పుతున్నాం, ఒళ్ళు బిగుసుకుపోకుండా. నీతో ఒక మాట చెప్పాలి. సరే, బడి సెలవులకి వస్తావుగా, అప్పుడు చెప్తాను.

అమ్మమ్మ పక్కన కూర్చుని, "ఆ సంగతేమిటో నాకు తెలుసు, దానికి భయపడొద్దని రాయి, ప్రతి ఆడపిల్లకీ అవుతుందని రాయి, నువ్వు మాత్రం అటు తిరిగి రాయి," అంటోంది. అటు తిరిగే రాశాను.

తాతయ్య


సోమ్ బడి హాస్టలు,
దుమ్ము గాలుల రోజు.

తాతయ్యకు,

శరవ్ మామయ్య చెప్పేశాడు. నాకు తెలుసనుకుని మామూలుగా చెప్పాడు. "మీ ఒయున్ గట్టిదమ్మా, జేగురు గుర్రం మీద పిచ్చుకలా కూర్చుంటోంది. దానికి కొత్త టోపీ కుట్టాలని మీ అమ్మమ్మ నాతో గుడ్డ తెప్పించుకుంది," అన్నాడు.

నడక నేర్పుతున్నాం అని రాశావు. చేదోడు అని రాశావు. కబుర్లేమీ లేవని రాశావు.

నేను ఎవర్ని తాతయ్యా ఇప్పుడు? అమ్మ నన్ను పసిగుడ్డుగా నీకు ఇచ్చింది. నువ్వు జీను మీద కూర్చోబెట్టావు. నాకు నడక సరిగా రాకముందే ఆ చెవులు తెలుసు. కుడి చెవి వెనక్కి పెడితే రాయి ఉన్నట్టు, రెండూ ముందుకి పెడితే నీళ్ళున్నట్టు. నాకు వేరే ఏమీ తెలియదు. ఖందాకి పాట ఉంది, కుస్తీ పిల్లాడికి వాళ్ళ నాన్న ఉన్నాడు. నాకు ఉన్నది ఒయున్‌కి ఇచ్చేశావు, నాతో ఒక్క మాట చెప్పకుండా.

కానీ ఇంకా ఆలస్యం కాలేదు. నువ్వు వచ్చి నన్ను చూడు. వ్యాసం గీసం ఏమీ లేదు. నువ్వు రాసిందంతా నేను చేశాను. కట్టుకోవడం ఒక్కటే కుదరలేదు, అందుకని తిండి వేళకి మంచం ఇనప కమ్మీ పట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రం మేత మానిపించకూడదని నువ్వు రాసేసరికే మానేశాను. మొదట్లో చెమట జిగురుగా ఉండేది, నువ్వు చెప్పినట్టే. ఇప్పుడు చెయ్యి మీద గీస్తే ఊటనీళ్ళలా ఉంది. పక్కటెముకలు విడివిడిగా తగులుతున్నాయి. మీగడ మాట అన్న నర్సమ్మ ఈసారి ముల్లు వంక రెండుసార్లు చూసింది. అమ్మమ్మకి చెప్పాలనుకున్న ఆ సంగతి కూడా ఆగిపోయింది. అంటే నేను వెనక్కి వచ్చేశానన్నమాట. చిన్నపిల్లనైపోయాను.

నేను సిద్ధంగా ఉన్నాను తాతయ్యా. నన్నూ ఒయున్‌నీ పక్కపక్కన నిలబెట్టు. జేగురు గుర్రాన్నే అడుగు.

యంజిమా


ఉత్తరపు లోయ,
పొద్దున్నే.

తల్లీ,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. "ఆపావేం?" అంది అమ్మమ్మ. మిగతాది చదివాను. చేతిలో గరిటె నా మీదకి విసిరింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం ఇది రెండోసారి.

తిను. ఈ ఉత్తరం శరవ్ నీ చేతిలో పెట్టగానే ముందు తిను, తర్వాత చదువు. పాలు వేసిన టీ కొద్దికొద్దిగా తాగు. ఒక్కసారే ఎక్కువ తినకు. నర్సమ్మ దగ్గరికి వెళ్ళు. నేను గుర్రం మీద వస్తున్నాను, ఈ జీపు కన్నా ఒక రోజు వెనక.

నీకు మొదటి మాటే రాయలేదు నేను. మన పిల్లలందరికీ తెలిసిందే కదా అని వదిలేశాను. కట్టేది వేసవంతా కడుపారా మేసిన గుర్రాన్ని. ఒంటి మీద కొవ్వు ఎక్కువున్నదాన్ని. ఎదిగే పిల్లగుర్రాన్ని ఎవడూ కట్టడు తల్లీ. దాని ముందు మేత కుప్ప పోస్తాం, అది తింటుంటే చూసి మురిసిపోతాం. చివరి మాట కూడా రాయలేదు. పందెం అయ్యాక తాడు విప్పి మందలోకి వదిలేస్తాం. మళ్ళీ మంచు పడేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

నీ తాడు నేను విప్పలేదు. పోయిన నాదామ్ రోజునే విప్పాల్సింది. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. నువ్వు ఏడిస్తే చూడలేక, నీ చేతే నిన్ను కట్టించాను.

వస్తున్నాను.

తాతయ్య


సోమ్ ఆసుపత్రి,
మంచు కరిగే రోజులు.

తాతయ్యకు,

నువ్వు వెళ్ళాక కిటికీ లోంచి చాలాసేపు చూశాను. మలుపు దగ్గర గుర్రం ఆపి వెనక్కి తిరిగావు. నేను చెయ్యి ఊపలేదు. ఊపితే నువ్వు వెనక్కి వచ్చేస్తావు.

నువ్వు ఉన్నన్నాళ్ళూ పొయ్యి దగ్గర కూర్చుని పులుసు కాచావు, చెంచాడు చెంచాడు నా నోటికి పెట్టావు. మందలో బక్కచిక్కిన గొర్రెపిల్లలకి అలాగే పెడతావు. నర్సమ్మ నిన్ను చూసి, "ముసలాయన ఆడపిల్లల గదిలో మకాం వేశాడు" అని ఎగతాళి చేస్తే నీ చెవులు ఎర్రబడ్డాయి. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కడుపు నొప్పి పుట్టింది.

తింటున్నాను. అన్నీ దిగడం లేదు. తింటుంటే భయం వేస్తుంది. ప్రతి ముద్దకీ నేను జేగురు గుర్రం నుంచి ఇంకొంచెం దూరం జరుగుతున్నట్టు ఉంటుంది. అయినా తింటున్నాను.

నీ మీద కోపం పోలేదు. ఒయున్ మీద కూడా. అది పసిది అని తెలుసు, అయినా పోలేదు.

నీ తాడు విప్పాను అన్నావు వెళ్ళే ముందు. సరే. విప్పి ఎక్కడికి వదిలావు తాతయ్యా? గుర్రానికైతే మంద ఉంటుంది. దాని వాళ్ళు ఎక్కడ మేస్తుంటారో దానికి తెలుసు. నన్ను వదిలితే ఎటు పోవాలి? ఈ గదిలో ఆరు మంచాలున్నాయి, నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఖందా రెండుసార్లు వచ్చింది. తిండి అంతా తనకే పెట్టేశానని తను ఏడ్చింది, అంతే.

యంజిమా


ఉత్తరపు లోయ,
గడ్డి మొలిచింది.

అమ్మడూ,

ఎటు పోవాలి అని అడిగావు. చాలా రోజులు ఆలోచించాను. నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే నువ్వు కనిపెట్టేస్తావు, నా ఉత్తరాల్లో అబద్ధాలు నీకు అలవాటైపోయాయి.

నాకు జరిగింది చెప్తాను. నీ ఈడులో ఒక పొద్దున నేను లేచేసరికి నా జీను మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. మా నాన్న ఏమీ చెప్పలేదు. మన ఇంట్లో మగవాళ్ళకి ఆ జబ్బు ఉంది. ఆ ఏడాదంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మంద వెనక నడుస్తూ ఉండేవాణ్ణి. అమ్మ పిలిచినా పలికేవాణ్ణి కాదు, నా పేరు నాది కాదనిపించేది. నాకేదో గొప్ప సంగతి తట్టిందనుకోకు. ఊరికే నడిచాను. ఒక రోజు మాత్రం మా గుర్రం నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. అన్నేళ్ళు ఎక్కాను గానీ దాని మొహం నేను సరిగా చూడలేదు. కళ్ళ కింద అంత ముసలితనం ఉందని తెలియనే తెలియదు.

ఈ నాదామ్‌కి ఒయున్ ఎక్కుతుంది. నువ్వు రావాలో వద్దో నువ్వే చెప్పు. వస్తే నీకు ఏ పనీ చెప్పను, ఎవరి ముందూ నిలబెట్టను. ఒక్కటి మాత్రం అడుగుతాను. పందెం అయ్యాక జేగురు గుర్రం తాడు నువ్వు విప్పాలి. నేను అక్కడ ఉండను.

అమ్మమ్మ మంచు కింది కుడుములు తవ్వి తీసింది. కుక్కలు సగం తినేశాయి. మిగతా సగం నీకేనట.

తాతయ్య


సోమ్ బడి హాస్టలు,
ఆకులు పసుపు తిరిగాయి.

తాతయ్యకు,

మందలు కండ పట్టాయా? అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? నేను బాగున్నాను అని రాయాలి. అన్ని రోజులూ బాగుండను. ఈ మధ్య బాగున్న రోజులు కొన్ని ఉన్నాయి.

వేసవంతా నీ దగ్గరే ఉండి కూడా ఒక సంగతి చెప్పలేదు. నువ్వూ అడగలేదు. ఎదురుగా ఉంటే మనిద్దరికీ మాటలు రావు, కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పందెం రోజు నేను గమ్యం దగ్గర జనంలో నిలబడ్డాను. దుమ్ములోంచి జేగురు గుర్రం వచ్చింది. మూడో స్థానం కాదు, ఎక్కడో గుంపు మధ్యలో. ఒయున్ ఏడుస్తూ వచ్చింది. పక్క గుడారం ముసలాయన నన్ను చూసి, "ఓయ్, జేగురు గుర్రం పిల్లా, నువ్వు ఎక్కి ఉంటే గెలిచేదే!" అని అరిచాడు. పోయినేడు కాళ్ళు నేలకి రాసుకుంటున్నాయన్నది ఆయనే. ఆ మాట వినడానికే నేను చలికాలమంతా కడుపు మాడ్చుకున్నాను. విన్నాను. ఏమీ అనిపించలేదు. ఒయున్ కొత్త టోపీ కళ్ళ మీదకి జారిపోయి ఉంది, దాన్ని సరిచేసి దింపుకున్నాను. అది నా మెడ వదల్లేదు. చాలా తేలికగా ఉంది తాతయ్యా. నేనూ అంత తేలికగా ఉండేదాన్నా?

మర్నాడు నువ్వు చెప్పినట్టే మీరంతా వెళ్ళాక కట్టుకొయ్య దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. జేగురు గుర్రం మొహానికి ఎదురుగా నిలబడ్డాను. దాని ముక్కు మీద చిన్న తెల్ల మచ్చ ఉంది. నీకు తెలుసా? ఇన్నాళ్ళూ నాకు తెలియదు. తాడు విప్పి కొయ్యకి వేలాడదీశాను. "ఇంక పో," అన్నాను.

అది కదల్లేదు. తల అలాగే ఎత్తి పెట్టుకుని, గాలికి ఎదురుగా, కట్టేసి ఉన్నప్పుడు ఎలా నిలబడిందో అలాగే నిలబడింది. కాళ్ళ కిందే గడ్డి ఉంది. వంచితే అందుతుంది. తాడు లేదని దానికి తెలియలేదు. తోలుదామని చెయ్యి ఎత్తాను, మళ్ళీ దించేశాను. దాని పక్కనే నేనూ నిలబడ్డాను. పొద్దు బాగా ఎక్కింది. అప్పుడు నెమ్మదిగా తల దించి, ఒక గడ్డి పరక వాసన చూసి, అది కాస్త కొరికింది. తర్వాత ఒక అడుగు వేసింది. నా వంక చూడలేదు. నేను ఏడ్చాను, చాలాసేపు. అది దూరంగా పోతూ మేస్తూనే ఉంది.

ఈ ఏడు కూడా టీచరమ్మ "మీరెవరో ఒక్క మాటలో చెప్పండి" అంది. నా వంతు వచ్చింది. "ఇంకా తెలియదు టీచర్," అన్నాను. పిల్లలు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "సరే, కూర్చో," అంది. కూర్చున్నాను.

సాయంత్రాలు ఇప్పటికీ మంచం మీద పడుకుని మన లోయ గాలి వింటాను. తిండిగది గంట కొట్టగానే ఖందా వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. ఒక్కోసారి వెంటనే లేస్తాను, ఒక్కోసారి ఆలస్యం అవుతుంది.

శరవ్ మామయ్య జీపులో ఎండు పెరుగు పంపు. ఈసారి నేనే తింటాను.

నీ
యంజిమా